మెడిసిన్ అండ్ డ్యూటీ: లష్కర్ దవాఖాన జ్ఞాపకాలు

లష్కర్ మిలిటరీ దవాఖానలో పనిచేసి రిటైరైన పాతతరం వాళ్లు పెన్షన్ రోజున లాల్ బజార్ చాయ్ హోటళ్లలో కూడితే, మాటలు ఎటు పోయినా చివరికి నీళ్ల కుండల దగ్గరికో డిశ్చార్జి చీటీ దగ్గరికో వచ్చేవి. బర్మా, బస్రా, సింగపూర్ పేర్లు మధ్యలో దొర్లేవి గానీ ఫిరంగుల కబుర్లు తక్కువ. ఎవడు ఎవడి మనిషో వార్డు పనిలోనే తెలిసిపోయేది అనేవారు. ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. వాళ్లు చెప్పుకున్న పని వివరాలు, రికార్డుల్లో ఉన్న సంగతులు కలిపి ఇక్కడ పెడుతున్నాను.

ముందు చోటు సంగతి. లష్కర్ అంటే సికింద్రాబాద్ కంటోన్మెంట్, 1806లో ఏర్పడింది, మూడో నిజాం సికందర్ జా పేరు మీద. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ ఇంగ్లీషు పటాలం. గేటు లోపల ఒక సర్కారు, గేటు దాటితే ఇంకొకటి. దవాఖానలో నీళ్లు పోసే భిస్తీ, వంట లాంగ్రీ, చాకలి, మరుగుదొడ్లు ఊడ్చే మెహతర్, డోలీ మోసే బోయీలు ఉండేది ఈ రెండు సర్కార్ల మధ్యే. జీతం ఇటు, ఊరు అటు.

బోనాలకు ఉజ్జయినీ మహంకాళి గుడికి పోయేవాళ్లలో ఎంతమంది గమనిస్తారో గానీ, ఆ గుడి కథ పటాలంలో డోలీ మోసిన మనిషితోనే మొదలవుతుంది. సురిటి అప్పయ్య 1813లో పటాలంతో ఉజ్జయినికి పోయినప్పుడు ఇక్కడ కలరా తగిలిందని, జనం బతికితే అమ్మవారిని తెస్తానని మొక్కుకున్నాడని, 1815లో కట్టె విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని స్థల చరిత్ర చెబుతుంది. డోలీ అంటే ఆ రోజుల అంబులెన్సే. ఒక బొంగు, దానికి వేలాడే తొట్టి, ఒక్కో డోలీకి ఆరుగురు. నలుగురు మోస్తే ఇద్దరు మార్పుకు. ఎక్కుడులో తల ముందు, దిగుడులో కాళ్లు ముందు ఉండాలి, అంటే తల ఎప్పుడూ పైనే. తొడ ఎముక విరిగిన వాడిని మాత్రం తిప్పి పట్టాలి, లేకపోతే ఒంటి బరువంతా విరిగిన చోటికి దిగి నొప్పితోనే షాక్‌లోకి పోతాడు. చేతిలో ఆయుధం లేకుండా తూటాల మధ్యకు పోయే ఈ బోయీలను పటాలం సిపాయిల లెక్కలో వేయకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దవాఖాన అంటే ఒకటి కాదు. తెల్ల సోల్జర్లకు బ్రిటిష్ ఆస్పత్రి వేరు, మనవాళ్లకు ఇండియన్ ఆస్పత్రి వేరు. రెండో దానికి స్టేషన్ ఆస్పత్రి హోదా వచ్చింది కూడా మొదటి ప్రపంచ యుద్ధం చివర్లోనే. అంతకుముందు ఏ పటాలానికి ఆ పటాలం దవాఖానే. సిపాయి తన పరుపు, తన బట్టలు తెచ్చుకోవాలి, తిండి తన వాళ్లే వండిపెట్టాలి. బయటి నుంచి చూస్తే అన్యాయం. కానీ జబ్బుపడ్డ వాడి పక్కన తన ఊరివాడు కూర్చునే వీలు ఉండేది. స్టేషన్ ఆస్పత్రి వచ్చాక మంచం, దుప్పటి, డైట్ అన్నీ సర్కారువే అయ్యాయి, పక్క మంచం మీద మాత్రం ముక్కూ మొహం తెలియని వాడు. పంచాయతీలన్నీ ఇక్కడ మొదలయ్యాయి.

చేరిక ఎలా జరిగేదో వార్డు మాస్టర్ దగ్గర పనిచేసిన ఎవరిని అడిగినా ఒకే వరసలో చెప్పేవారు. ముందు అడ్మిషన్ అండ్ డిశ్చార్జి పుస్తకంలో నంబరు, పేరు, పటాలం, కులం, మతం. తర్వాత తుపాకీ, తూటాలు ఆర్మరీకి. మిగతా సామాను లెక్కపెట్టి, జాబితా మీద రోగి వేలిముద్ర వేయించి ప్యాక్ స్టోర్‌కి. డబ్బు వేరే సంచిలో, సీలుతో. ఆ తర్వాత స్నానం, ఆస్పత్రి బట్టలు, మంచం. మంచం తలవైపు బెడ్ హెడ్ టికెట్, దాని పక్కన జ్వరం చార్టు. రేపటి డైట్ ఇవాళే రాసి స్టోరుకు పంపాలి. సాయంత్రం చేరిన వాడికి ఆ పూట డైట్ దొరకదు, అదనంగా రాయించుకోవాలి. ఇది మరిచిపోతే రోగి పస్తు. పస్తున్న రోగి ఏ కులం వాడైతే ఆ కులం మొత్తాన్ని ఎండబెడుతున్నారని తెల్లారేసరికి పటాలంలో పుకారు. ప్యాక్ స్టోర్‌లో దుప్పటి పోయినా అంతే. యుద్ధకాలంలో ఒక్క రాత్రే ఆస్పత్రి రైలు వచ్చి మంచాలన్నీ నిండినప్పుడు జాబితాలు తప్పేవి, తప్పిన ప్రతి జాబితా మతం రంగు పూసుకునేది. జాగ్రత్తపరుడైన స్టోర్ కీపర్ వార్డుకు సగం శాంతి అనేవారు పాతవాళ్లు.

ఇక నీళ్లు, తిండి. హిందూ కుండ వేరు, ముసల్మాను కుండ వేరు, భిస్తీ ఎవరి గ్లాసు ముట్టుకున్నాడో చూసే కళ్లు వేరు. మాంసం ఒక్క వేటుకు కోసిన ఝట్కానా హలాలా అన్నది ఇంకో తగువు. 1914 డిసెంబర్ నుంచి 1916 మొదటి వరకు ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఒకప్పటి రాజుగారి ప్యాలెస్‌నే మన సిపాయిల ఆస్పత్రిగా మార్చినప్పుడు అక్కడ తొమ్మిది వంటశాలలు పెట్టాల్సి వచ్చింది. బయటివాళ్లకు ఇది చోద్యంలా కనిపించింది గానీ, లష్కర్ వంటవాళ్లకు అందులో వింతేమీ లేదు. తెలుగు, తమిళ సిపాయిలకు ఇంకో చిక్కు ఉండేది. రేషన్ పట్టికలు రొట్టె తినే ఉత్తరాది వాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. విరేచనాలతో బక్కచిక్కిన మద్రాసు మనిషికి గోధుమ రొట్టె పెడితే ముట్టడు. గంజి కావాలంటాడు. "రేషన్ వదిలేశాడు" అని చార్టులో పడితే డాక్టరుకు అది ఆకలి మందగించిన లక్షణం. నిజానికి వాడికి ఆకలి దంచేస్తుంటుంది. గోధుమపిండి బదులు బియ్యం రాయించే అధికారం డాక్టర్ సంతకానిది. ఆ సంతకం పెట్టించగలిగిన తెలుగు నర్సింగ్ ఆర్డర్లీకి వార్డులో ఉన్న పలుకుబడి సుబేదారుకు కూడా ఉండేది కాదు.

డాక్టర్లలోనూ మెట్లు. పైన ఇండియన్ మెడికల్ సర్వీస్ (ఐఎంఎస్) ఆఫీసర్లు, ఎక్కువమంది తెల్లవాళ్లు. కింద ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్ సబ్ అసిస్టెంట్ సర్జన్లు, డిగ్రీ కంటే చిన్నదైన ఎల్ఎంపీ చదివి జమాదార్, సుబేదార్ హోదాలో ఉన్న మనవాళ్లు. కట్లు, సూదులు, రాత్రి కాపలా వీళ్లవి, సంతకం వాళ్లది. ఈ మంట ఎంతవరకు పోయేదో చెప్పడానికి బ్రైటన్ సంగతే ఒకటి చాలు. అక్కడి కిచెనర్ ఆస్పత్రిలో సిపాయిలను, ఆస్పత్రి సిబ్బందిని గోడ దాటనివ్వలేదు. ముళ్లకంచె, కాపలా, ఊళ్లోకి పోవాలంటే పాస్. తెల్ల ఆడవాళ్లతో మాట కలుస్తుందన్నది అసలు భయం. 1915 చివర్లో జాగు గోడ్బోలే అనే సబ్ అసిస్టెంట్ సర్జన్ ఆస్పత్రి అధిపతి కర్నల్ సీటన్‌ను కాల్చబోయాడు. ఏడేళ్ల జైలు పడింది. రాజుగారి ప్యాలెస్‌లో వైద్యం అని పోస్టుకార్డులు అచ్చేసి పంచిన ఊళ్లోనే ఇది జరిగింది.

అదే సీటన్ ఇంకో పనీ చేశాడు. అందుకు అతనికి దక్కాల్సిన పేరు దక్కాలి. ఫ్రాన్స్‌లో మన సిపాయిలకు చేతి గాయాలు ఎక్కువగా రావడంతో కావాలనే కాల్చుకుంటున్నారన్న అనుమానం పుట్టింది. అతను వెయ్యి గాయాలను పరీక్షించి, ఆ అనుమానానికి ఆధారం లేదని తేల్చాడు. గాయాన్ని చదవడం ఎలాగో దవాఖాన మనుషులకు తెలుసు. దగ్గర నుంచి కాల్చుకుంటే తూటా దూరిన చోట చర్మం అంచు కాలుతుంది, వెంట్రుకలు కమురుతాయి, మందుగుండు నలుసులు చర్మంలో పొడిచినట్టు ఉండిపోతాయి, తుడిచినా పోవు. కానీ మధ్యలో తడిగుడ్డో ఇసుక బస్తానో పెడితే ఈ గుర్తులు పడవు. అంటే గుర్తులు ఉంటే అనుమానించొచ్చు, లేనంత మాత్రాన వదిలేయలేం. ఇంకోవైపు, కందకంలో నక్కినవాడు గట్టు పైన చేయి పెట్టి పైకి లేస్తాడు, తుపాకీ ముందుభాగాన్ని ఎడమ చేత్తో పట్టుకుంటాడు. ముందు కనిపించేదీ తగిలేదీ ఆ చెయ్యే. ఎడమ అరచేతి గాయాన్ని చూసి సిపాయిని దొంగ అనడం ఎంత తేలికో, అంత తప్పు. డాక్టరు ఒక్క మాట రాస్తే కోర్టు మార్షల్, రాయకపోతే పై అధికారి దృష్టిలో డాక్టరే సిపాయిల మనిషి.

అసలు చిక్కు నయమైన తర్వాత. ఒకసారి గాయపడి రక్తం కార్చిన వాడిని మళ్లీ ముందుకు పంపకూడదన్నది సిపాయిల న్యాయం. మంచం ఖాళీ చేసి పటాలం నింపాలన్నది సైన్యం లెక్క. మీర్ దస్త్ అనే అఫ్రీదీ తెగ జమాదార్ 1915 ఏప్రిల్ 26న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర విషవాయువు మధ్య తన వాళ్లను మోసుకొచ్చి విక్టోరియా క్రాస్ సంపాదించాడు. ఆగస్టు 25న బ్రైటన్‌లో రాజు స్వయంగా పతకం గుచ్చినప్పుడు అతను అడిగింది ఒక్కటే: గాయపడి నయమైన వాళ్లను తిరిగి యుద్ధానికి పంపొద్దని. అతని తమ్ముడు మీర్ మస్త్ అదే ఏడు మార్చిలో కొందరు అఫ్రీదీలను వెంటేసుకుని జర్మన్ల వైపు వెళ్లిపోయాడు. ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల దారులు ఇలా చీలితే, ఒక వార్డులో అరవై మంది మనసుల్లో ఏముందో ఏ కల్నల్ చెప్పగలడు?

హైదరాబాద్‌కు ఆ యుద్ధంలో ఇంకో ఇరుకు ఉండేది. 1914లో తుర్కీ బ్రిటన్‌కు ఎదురు నిలిచింది. తుర్కీ సుల్తానే ఖలీఫా, అంటే ముసల్మానుల మతాధిపతి. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ముసల్మానులు బ్రిటన్ పక్షానే ఉండాలని ప్రకటన ఇచ్చాడు, హైదరాబాద్ లాన్సర్లను ఈజిప్టు, పాలస్తీనాలకు పంపాడు. 1918లో బ్రిటిష్ సర్కారు అతనికి ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న బిరుదు ఇచ్చింది. గుర్రం మీద ఖలీఫా సైన్యానికి ఎదురు పోయిన ఆ సవార్లు సర్కారు నౌకరీని, తమ మతాన్ని ఎలా సర్దుకున్నారో ఏ బిరుదు పత్రంలోనూ ఉండదు. సిపాయిల ఉత్తరాలన్నీ సెన్సారు చేతుల మీదుగానే వెళ్లేవి. అది తెలిసి మన సిపాయిలను నల్ల మిరియాలని, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలని పెట్టి రాసుకున్నారు. నల్ల మిరియాలు అయిపోతున్నాయి అంటే చదివే ఇంటివాళ్లకు అర్థమయ్యేది. సెన్సారుకూ అర్థమైంది లెండి, లేకపోతే ఆ ఉత్తరాలు ఇవాళ ఆర్కైవ్‌లో ఉండేవి కావు.

ఇరాక్‌లోని బస్రా ముచ్చట చెప్పకపోతే డాక్టర్ల వైపు లెక్క తేలదు. 1915 నవంబర్‌లో టెసిఫాన్ పోరు తర్వాత గాయపడిన వాళ్లను మెజిదియే అనే స్టీమరు మీద, దానికి కట్టిన పడవల మీద టైగ్రిస్ నది వెంట దించారు. రోజుల తరబడి కట్టు మార్చలేదు. కదలలేని వాళ్లు పడుకున్న చోటే మలమూత్రాలు. ఓడ దగ్గరికి వస్తుంటే పక్కల నుంచి తాళ్లు వేలాడుతున్నాయనుకున్న మేజర్ కార్టర్‌కు, దగ్గరయ్యాక అవి తాళ్లు కావని తెలిసింది. ఆయన ఐఎంఎస్ డాక్టరు. ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాశాడు. పై జనరళ్లు నోరు మూసుకోమన్నారు, అరెస్టు చేస్తామని, ఆస్పత్రి ఓడ బాధ్యత నుంచి తీసేస్తామని బెదిరించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 1917లో ఆ ఇరాక్ దండయాత్రను విచారించిన మెసపొటేమియా కమిషన్ నివేదిక ఆయన చెప్పిందే నిజమని ఒప్పుకుంది. సైన్యానికి విధేయుడు ఎవరు, నోరు మూయించిన జనరలా, రాసిన మేజరా? ఈ కథను పాత కంపౌండర్లు ఎప్పుడు చెప్పుకున్నా మేజర్ వైపే ఉండేవారు. నేనూ అంతే.

రెండో యుద్ధానికి వస్తే అసలు శత్రువు మలేరియా. ఇందులో లష్కర్‌కు ఒక గర్వం ఉంది, ఒక ఎత్తిపొడుపూ ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో ఐఎంఎస్ డాక్టరు రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి చేసిన పని అది. చరిత్ర తిరగరాసిన మనిషిని ఆ మరుసటి నెలలోనే సైన్యం రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. సైన్యానికి డ్యూటీ రోస్టరు ముందు, దోమ తర్వాత.

1942లో జావా జపాన్ చేతికి పోయింది. ప్రపంచంలో క్వినైన్‌లో అధికభాగం అక్కడి నుంచే వచ్చేది. అప్పుడు మెపాక్రిన్ దిక్కయింది. పసుపు పచ్చని మాత్ర, కాకరకాయ చేదు. కాపాడుకోవడానికైతే రోజుకు 0.1 గ్రాము, అంటే ఒక మాత్ర, ఒక్కరోజూ తప్పకుండా. రక్తంలో మందు మెల్లగా పేరుకోవాలి కాబట్టి జ్వరాల ఇలాకాకు పోకముందే మొదలుపెట్టాలి, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. మగతనం పోతుందన్న పుకారు మాత్ర కంటే ముందు పటాలానికి చేరింది. దాంతో మింగినట్టు నటించి ఉమ్మడం మొదలైంది. దవడకు, పంటికి మధ్య దాచడం ఒక పద్ధతి, నాలుక కింద ఇంకో పద్ధతి. చెక్ చేసేవాడు మాత్ర చేతికివ్వకుండా నాలుక మీదే వేయాలి, గ్లాసు నీళ్లు పూర్తిగా తాగించాలి, వెంటనే పేరు, నంబరు, పటాలం గట్టిగా చెప్పించాలి. చేదుకు ముఖం మారకపోతే మాత్ర లోపలికి పోలేదని అనుమానించాలి. వార్డులో అదే ఊరి ఆర్డర్లీ ఉంటే ఈ చెకింగు వేరే రకంగా సాగేది. "మింగినవా తమ్మీ?" అని అడిగి, జవాబు రాకముందే రిజిస్టర్లో టిక్కు పెట్టేవాడు. తన ఊరి వాడికి మేలు చేశాననుకున్నాడు. మూడు వారాల్లో వాడు చలిజ్వరంతో మళ్లీ అదే మంచం మీద.

పచ్చబడిన ఒళ్లు చూసి కామెర్లు అనుకుని కొత్తవాళ్లు గాభరా పడేవారు. కంటి తెల్లగుడ్డు చూడాలి. కామెర్లలో అది ముందు పచ్చబడుతుంది, మెపాక్రిన్‌లో చర్మం పచ్చబడినా కన్ను దాదాపు తెల్లగానే ఉంటుంది. జ్వరం వచ్చినవాడికి మూడు మందుల వరస: ముందు రెండు మూడు రోజులు క్వినైన్, తర్వాత అయిదు రోజులు మెపాక్రిన్, రెండు రోజులు ఆపి పామాక్విన్. ఆపడం ఎందుకంటే మెపాక్రిన్ ఒంట్లో ఉండగా పామాక్విన్ ఇస్తే దాని విషం పెరుగుతుంది. వరస సరిగ్గా పాటించినా కొందరికి మూత్రం కల్లు కుండ అడుగులా నల్లబడేది, రక్తం విరిగిపోయేది. ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకే అలా అవుతుందని 1956లో గానీ తేలలేదు. 1944లో వార్డుకు తెలిసిందల్లా సర్కారు మందు తాగిన సిపాయి నల్లగా పోసుకుంటున్నాడని. దొరలు విషం పెడుతున్నారన్న మాట వార్డు గోడలు దాటడానికి అంతకంటే ఏం కావాలి?

ఈ మాత్ర వెనుక ఎంత యుద్ధం నడిచిందో బర్మా వైపు సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ లెక్క చెబుతుంది. 1943లో బర్మా సరిహద్దులో గాయంతో వెనక్కి వచ్చిన ఒక్కొక్కడికి జబ్బుతో వచ్చినవాళ్లు 120 మంది. మలేరియా ఒక్కటే ఏడాదికి మొత్తం బలగంలో 84 శాతం. ఆయన హఠాత్తుగా రక్తపరీక్షలు చేయించి, కనీసం 95 శాతం మందిలో మందు కనిపించకపోతే ఆ పటాలం కమాండర్‌ను తీసేశాడు. ముగ్గురిని తీసేసరికి మిగతా వాళ్లు దారికొచ్చారు. సిపాయిని శిక్షించకుండా కమాండర్‌ను పట్టుకోవడమే ఆ పద్ధతిలోని తెలివి. అయినా పొద్దున జబ్బన్నవాళ్లను డాక్టరు చూసే సిక్ పరేడ్ చీటీ మీద రెండక్షరాలు మాత్రం మారలేదు: ఎం అండ్ డి. మెడిసిన్ అండ్ డ్యూటీ, మందు మింగి పనికి పో. మొదటి యుద్ధంలో ఆ మందు నంబర్ నైన్ అనే విరేచనాల గోలీ, కడుపునొప్పికైనా కాలునొప్పికైనా. నాలుగు రోజులు వరసగా ఎం అండ్ డి పడ్డవాడు అయిదో రోజు నిజంగా పడిపోతే, సంతకం పెట్టిన డాక్టరు ముఖం చూడాలి.

1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా. ఆస్పత్రి లోపల నినాదాలు లేవు, మిలిటరీ చట్టం అలాంటిది. కానీ గేటు బయట అన్న జైలుకు పోతే, గేటు లోపల తమ్ముడు రాజుగారి ముద్ర ఉన్న గుండీ పాలిష్ చేసుకుంటున్నాడు. అదే ఏడు ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. అంతకుముందు 1941 డిసెంబర్ 8న మలయాలోని కోటా భారు విమానాశ్రయం దగ్గర ఉన్నది నిజాం సంస్థానం పటాలమే, ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ. జపాన్ వాళ్లు దిగిన రాత్రి అది చెదిరిపోయింది, దాని కమాండర్ సొంత సిపాయిల చేతిలోనే పోయాడని యుద్ధచరిత్రల్లో ఉంది. నిజాం సేవకు చేరిన మనిషి బ్రిటిష్ వాడి ఎయిర్‌ఫీల్డ్ కోసం జపాన్ వాడి మీద ఎందుకు చావాలో ఎవరూ వాడికి చెప్పినట్టు లేరు.

సింగపూర్‌లోనే ఫిబ్రవరి 14న అలెగ్జాండ్రా ఆస్పత్రి ఘోరం. వెనక్కి తగ్గుతున్న దళం ఆస్పత్రి ఆవరణ నుంచి కాల్పులు జరిపిందన్న కారణంతో జపాన్ సైనికులు లోపలికి చొరబడి రోగులను, డాక్టర్లను, ఆపరేషన్ బల్ల మీద ఉన్నవాడిని కూడా పొడిచి చంపారు. సుమారు 200 మంది. జెనీవా ఒప్పందం ప్రకారం ఆస్పత్రి సిబ్బంది ఆయుధం పట్టొచ్చు, తమను, రోగులను కాపాడుకోవడానికి మాత్రమే. అంతకు మించి ఆస్పత్రి కప్పు కింద నుంచి ఒక్క తూటా శత్రువు మీదికి పోయినా ఎర్ర శిలువకు విలువ పోవచ్చు. అందుకే చేరిక రోజే తుపాకీ ఆర్మరీకి పోవాలి, వార్డులో మంచం కింద పెట్టనివ్వకూడదు. స్టోర్ కీపర్ చాదస్తంగా కనిపించే ఆ నియమానికి అసలు అర్థం ఇది. శత్రువు గాయపడి వస్తే ఎవరి ప్రాణానికి ముందు ముప్పో వాడికే ముందు చికిత్స, యూనిఫాం చూడకూడదు. కాగితం మీద తేలికే. తన జతగాడు పక్క స్ట్రెచర్ మీద మూలుగుతుంటే ప్లాస్మా సీసా శత్రువుకు ఎక్కించే ఆర్డర్లీ చేయి వణికితే తప్పు పట్టలేం. పట్టుకోవాల్సింది సీసాను.

సింగపూర్‌లో జపాన్‌కు పట్టుబడిన వాళ్లలోంచి ఆజాద్ హింద్ ఫౌజ్ పుట్టింది. ఐఎంఎస్ డాక్టర్లే అందులో పెద్ద పదవుల్లో కనిపిస్తారు: లోగనాథన్, ఛటర్జీ. అండమాన్ పాలన పేరుకు లోగనాథన్ చేతికి వచ్చింది. సుభాష్ బోస్‌తో 1943లో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ మన హైదరాబాదీ. ఫౌజ్‌లో కుండలు, వంటశాలలు ఒకటి చేశారు. లష్కర్ దవాఖానలో తరాల తరబడి జరగనిది అక్కడ ఖైదీల క్యాంపులో జరిగింది. యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన వాళ్లను తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగుల్లో విడదీశారు. నలుపు అంటే నౌకరీ ఊడినట్టే, జీతం బకాయి పోయినట్టే. ఒకే ఓడలో, ఒకే బెరిబెరి వాపు కాళ్లతో దిగిన ఇద్దరికి వేర్వేరు రంగు. మందు ఒకటే, విటమిన్ బి1 సూది. దానికి రంగు తెలియదు, కాగితానికి తెలుసు.

ఈ గొడవల నడుమే 1943 ఏప్రిల్ 3న మూడు వేర్వేరు శాఖలను కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కార్ప్స్ కట్టారు. ఎల్ఎంపీ డాక్టర్లకు కమిషన్ దొరికే దారి తెరుచుకుంది. నర్సులకు అదే ఏడు ఆఫీసర్ హోదా. ఒక ఆర్డినెన్సుతో అహంకారాలు కరిగిపోవు గానీ, కనీసం మెస్‌లో కుర్చీ దొరికింది.

1947లో ఆ మెడికల్ కార్ప్సే రెండు దేశాల మధ్య చీలింది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 18 వరకు మన ఊరికే యుద్ధం వచ్చింది. నిజాం సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు, భారత సైన్యం జనరల్ చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. నిన్నటి వరకు నిజాం జీతం తిన్న సంస్థానం సిపాయికి అంతా అయిదు రోజుల్లో తారుమారు.

ఇక ఇవాళ్టికి మిగిలిన ముడి మెడికల్ బోర్డు. డిశ్చార్జి అయ్యే సిపాయి ముందు డాక్టర్లు కూర్చుంటారు. ఒక గడిలో అంగవైకల్యం శాతం, ఇంకో గడిలో అది సర్వీసు వల్ల వచ్చిందా లేక సర్వీసు వల్ల ముదిరిందా అని. డిసేబిలిటీ పెన్షన్‌కు కనీసం 20 శాతం ఉండాలి. రెండో గడిలో కాదు అని పడితే శాతం ఎంతున్నా ఆ పెన్షన్ రాదు. రాసే డాక్టరూ సైన్యం జీతగాడే, ఎదురుగా ఉన్నవాడు తన రోగి. 1982 నిబంధనల ప్రకారం చేరేటప్పుడు కాగితాల్లో లేని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలని, కాదనాలంటే బోర్డు కారణం రాయాలని 2013లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2023లో నిబంధనలు మళ్లీ మారాయి, కాబట్టి ఏ తేదీన డిశ్చార్జి అయ్యారో ముందు చూసుకోవాలి. మీ ఇంట్లో తాతదో నాన్నదో పాత ట్రంకు పెట్టె ఉంటే బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ ఉందేమో వెతకండి. లేకపోతే రికార్డ్ ఆఫీసుకు సర్వీసు నంబరు, పటాలం, డిశ్చార్జి తేదీ రాసి అడగండి. దొరికాక శాతం కంటే ముందు ఆ రెండో గడి చదవండి. అందులో కాదు అని ఉండి పక్కన కారణం ఏమీ లేకపోతే, అప్పీలు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.